ఇరవై ఐదు గళ్లూ నింపిన పేరు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న దుకాణదారుల్లో గుర్రానికి షాపు బోర్డు కట్టిన మనిషిని నేనొక్కదాన్నే. అదీ ఉత్త పుణ్యానికి. పోటీలకు పోయే గుర్రాన్ని రిజిస్టర్ చేయించే ఫారంలో పేరును ఇంగ్లీషులో రాయడానికి ఇరవై ఐదు గళ్లు ఉంటాయి. రెండు అక్షరాలు రాసినా అదే ఫీజు, అన్నీ నింపినా అదే ఫీజు. నేను అన్నీ నింపాను. మాటల మధ్య వదలాల్సిన ఖాళీలతో సహా ఒక్క గడి మిగల్లేదు, ఒక్క అక్షరం బయటికి పోలేదు. అంత అతికినట్టు సరిపోయేసరికి ఇది పైవాడి నిర్ణయమే అనుకున్నాను. ఇంత తెలివితక్కువ పనిని ఇంత లెక్కగా చేయడం అందరికీ చేతనవదు.

గుర్రం పేరు భద్రం షూస్ అండ్ హెల్మెట్స్.

భద్రం మా షాపు. పాత హైవే పక్కన, ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు మలుపులో ఉంటుంది. కార్మికులు వేసుకునే ఇనుప ముక్కు బూట్లు, పసుపు హెల్మెట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు అమ్ముతాను. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన వాళ్లతో హిందీలో బేరం చేస్తాను, కంపెనీల పర్చేజ్ ఆఫీసర్లతో ఇంగ్లీషు ముక్కలు కలిపి చేస్తాను, మా సంగారెడ్డి చుట్టాలతో బేరం చేయకుండా ఎక్కువ ధర చెప్పి తగ్గించినట్టు కనిపిస్తాను. షాపు నాది. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగి. ఇంట్లో ఆయన మాట, గల్లా దగ్గర నా మాట చెల్లుతాయి. ఇంట్లో కూడా ఒక చిన్న గల్లా ఉందని ఆయనకు తెలుసు.

గళ్లు ఖాళీగా వదలలేకపోవడానికి కారణం మా నాన్న. సంగారెడ్డి బజారులో ఆయనకు తాళ్లు, బకెట్లు, జల్లెడలు అమ్మే కొట్టు ఉండేది. ఆ రోజుల్లో బోర్డు రాసే ఆయన అక్షరానికింత అని తీసుకునేవాడు. నాన్న ముందు మా తాత పేరుతో మొదలుపెట్టాడు. అందులో ఒత్తులు ఎక్కువ ఉన్నాయి. ఒత్తును వేరే అక్షరంగా లెక్కపెట్టాలా వద్దా అని ఇద్దరికీ ఒక పూటంతా నడిచింది. చివరికి తాత పేరు పోయింది, తాళ్లు పోయాయి, బకెట్లు పోయాయి. బోర్డు మీద "దుకాణం" అని మాత్రం మిగిలింది. అమ్మ నవ్వితే నాన్న, "లోపటికొస్తె ఏం దొరుకుతదో కనవడ్తది గద" అన్నాడు. ఆ బోర్డు కింద పెరిగిన మనిషికి అక్షరాలు ఉచితంగా ఇస్తే ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

ఇక గుర్రం సంగతి. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా వెలిమెల దగ్గర కొత్త విల్లాల మధ్య ఉన్న స్వారీ స్కూల్లో వేసవి సెలవులకని చేరింది. ఇద్దరు పిల్లలను చేరిస్తే తగ్గింపు అన్నారు. నాకున్నది ఒక్కతే. "రెండేండ్లు పంపిస్త, లెక్కకు ఇద్దరే గద" అని ఆ తగ్గింపు తీసుకున్నాను. ఆ మాట నిజమైంది. రెండేళ్లు దాటినా అది మానలేదు. పొద్దున బడి, సాయంత్రం లాయం, బట్టలకు ఎండుగడ్డి వాసన.

అక్కడ నేర్పే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అంటారు. నేనూ అలాగే అంటాను. ఆయన నన్ను సేఠమ్మా అంటాడు. అందులో గౌరవం ఎంత, ఎగతాళి ఎంత అని నేను తూకం వేయలేదు. ఒకరోజు ఆయనే షాపుకు వచ్చి, సదాశివపేట అవతల ఒక తోటలో మంచి ఆడగుర్రం ఉందని చెప్పాడు.

"జాతి మంచిది సేఠమ్మా. కాయితాలే లెవ్వు. అందుకె సస్తాల వస్తది."

సస్తా అన్న మాట విన్నాక నాకు మిగిలిన మాటలు వినపడవు. వెళ్లి చూశాను. ఎర్రగా, నుదుట తెల్లగీతతో ఉంది. గుర్రాల గురించి నాకు తెలిసింది సున్నా. అందుకని చాలాసేపు దాని గిట్టలు చూసి, పెదవి విరిచి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. అమ్మే ఆయన తనంతట తనే తగ్గించాడు. ఎంతకు కొన్నానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. మా అమ్మాయి దాన్ని జున్ను అని పిలిచింది. వెలిమెల లాయంలోనే నెల కిరాయికి కట్టేశాం.

పోటీలకు పోవాలంటే జున్ను సరిపోదు. గుర్రాల సంఘంలో పేరు నమోదు కావాలి. డాక్టరు వచ్చి మచ్చల బొమ్మ గీసి సంతకం పెడితే, దానికొక పాస్‌పోర్టు పుస్తకం వస్తుంది. మైకులో చదివేది, సర్టిఫికెట్ మీద రాసేది ఆ పుస్తకంలోని పేరే. అమ్మాయి ఫారమంతా నింపి, పేరు మాత్రం పెన్సిల్‌తో రాసి, ఓనరు సంతకం కోసం నాకిచ్చి బడికి పోయింది. సెకండ్ షిఫ్ట్ అని ఇంగ్లీషులో రాసింది. కారణం ముందే చెప్పింది.

"పొద్దున దానికి పని చెయ్యబుద్ధి గాదు, కరుస్తది. రెండు దాటిందంటె ఇగ ఆగది. నాన్న కంపెనీల ఉన్నట్టె."

పేరు బాగానే ఉంది. నాకు కనిపించింది మాత్రం దాని పక్కన ఖాళీగా పడున్న పదమూడు గళ్లు. మెయిన్ రోడ్డు మీద పదమూడు అడుగుల జాగా ఎవరైనా ఊరికే వదులుతారా? ఇద్దరు గిరాకీలకు బూట్లు చూపిస్తూ, మధ్యలో రబ్బరు తీసుకుని తుడిచాను. షాపు పేరు పెన్నుతో రాశాను. సంతకం పెట్టి కొరియర్‌లో పంపాను. అమ్మాయికి చెప్పలేదు. ఒకేసారి చూసి ఆశ్చర్యపోతుంది అనుకున్నాను.

ఆశ్చర్యపోయింది కూడా. పాస్‌పోర్టు వచ్చిన రోజు షాపులోనే కవరు చింపి, అట్ట తిప్పి, చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇదేంది?"

"మన షాపు పేరు. మైకుల చదువుతరు. ఎంతమంది వింటరో సూడు."

"నేను రాసింది ఏడ వొయింది?"

"గన్ని గళ్లు ఖాళీగ పెడ్తరా బిడ్డా?"

అది పుస్తకాన్ని కవర్లో పెట్టి బడి సంచిలో వేసుకుంది. ఆ ఆదివారమే మొదటి పోటీ. మార్చడానికి టైం లేదు. నేను దాని మౌనాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టి, గుర్రం ఫోటోతో షాపు కార్డులు కొత్తగా అచ్చు వేయించాను.

పోటీ నగరం చివర ఒక మైదానంలో జరిగింది. పిల్లలు గుర్రాలతో రంగుకర్రలు దూకాలి. మైకులో ఆయన ఒక్కొక్క జంటను పిలుస్తున్నాడు. గుర్రాల పేర్లన్నీ వానలు, బాణాలు, వెన్నెలలు. మా వంతు వచ్చింది. అమ్మాయి పేరు చదివాడు, గుర్రం పేరు దగ్గర ఆగాడు, కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడు, తర్వాత రేడియోలో ప్రకటన చదివినట్టు చదివాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు స్పాన్సర్ అనుకుని చప్పట్లు కొట్టారు. నేను లేచి దండం పెట్టాను.

కంచె దగ్గర నిలబడ్డ పిల్లలు నా దగ్గరికి వచ్చారు. "ఆంటీ, గుర్రానికి ఎనిమిదో నెంబరు దొరుకుతదా?" అని ఒకడు, "నాలుగు కొంటే డిస్కౌంట్ ఉన్నదా?" అని ఇంకొకతె. ఉంది నాన్నా అని కార్డులు ఇచ్చాను. గిరాకీ నోట్లోంచి వచ్చిన మాటలో ఎగతాళి నాకు వినపడదు, అలవాటు లేదు. వాళ్లు అవతలికి పోయి నవ్వుతుంటే, గుర్రం మీద కూర్చున్న మా అమ్మాయి అటే చూస్తోంది. అప్పుడు వినపడింది.

దానికి మూడో స్థానం వచ్చింది. ఇచ్చిన సర్టిఫికెట్‌లో పెద్ద అక్షరాలతో మధ్యలో గుర్రం పేరు, కింద సన్నగా స్వారీ చేసినవాళ్ల పేరు. మర్నాడు బడి నుంచి వస్తూ షాపుకు వచ్చి, దాన్ని కౌంటర్ మీద నా ముందు పెట్టింది.

"ఇది నీది."

"నువ్వు గెలిచిందె గద."

"షాపు గెలిచింది. గల్లా ఎనక తలిగెయ్యి."

కోపంగా కూడా అనలేదు. గిరాకీకి వస్తువు అప్పగించినట్టు అప్పగించి పోయింది.

ఆ తర్వాత అది లాయానికి పోవడం మానలేదు. జున్నుకు దువ్వెన వేసేది, గిట్టలు గోకేది, బెల్లం పెట్టేది. ఎక్కేది మాత్రం స్కూలు వాళ్ల ముసలి గుర్రాన్ని. వచ్చే పోటీకి ఆ ముసలిదాని మీదే పోతానని ఉస్తాద్‌కు చెప్పిందట. నెల కిరాయి మాత్రం జున్ను పేరునే పడుతోంది. ఉస్తాద్ ఫోన్ చేశాడు.

"సేఠమ్మా, మీ గుర్రం నిలవడి తింటున్నది. గిట్ల రెండు నెలలుంటె దూకుడు మర్సిపోతది. బిడ్డనన్న ఎక్కమను, లేకపోతె అమ్మెయ్యి. విల్లాలోల్లు ఒకలు అడుగుతున్నరు."

విల్లా ఆయన చెప్పిన ధర విన్నాను. ఇప్పుడు కాయితాలున్నాయి కాబట్టి నేను కొన్నదాని కంటే బాగా ఎక్కువ. నాలోని దుకాణదారు లేచి కూర్చుంది. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదంతా అమ్మెయ్ అనే చెబుతోంది. అంతలో ఉస్తాద్ ఇంకో మాట అన్నాడు.

"ఒక్క షరతున్నదంట. గా పేరు మార్చెటందుకు అయ్యే ఖర్సు ధరల కొట్టెయ్యమంటున్నడు."

ఇరవై ఏళ్లుగా నిలబెట్టిన షాపు పేరుకు బయటి మనిషి ఒకడు మొదటిసారి వెల కట్టాడు. అది మైనస్‌లో వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మాయిని షాపుకు రమ్మన్నాను. బేరానికి ఎప్పుడైనా నా చోటే మంచిది అని నా నమ్మకం. కొనేవాళ్లు వచ్చారని చెప్పాను. మొహం తెల్లబోయింది, కానీ గొంతు మార్చలేదు.

"అమ్ముతవా?"

"నువ్వు ఎక్కకపోతె ఏం జెయ్యాలె? పూజ చెయ్యాల్నా దానికి?"

"పేరు మార్చు, ఎక్కుత."

"సరె. భద్రం సెకండ్ షిఫ్ట్ అని పెడదాం. చెరి సగం."

"వద్దు."

"పోనీ, ఎనక చిన్నగ ఒక్క అక్షరం. బి అని."

"ఒక్కటి గూడ వద్దు."

"ఫీజెంతో ఎరుకేనా? మొదటిసారి కట్టినదానికంటె రెండింతలకు పైనె."

"ఎరుకె. ఆ ఫారం నింపిందె నేను. ఎనక రాసున్నది."

అని లేచింది. సంచి భుజానికేసుకుని మెట్లు దిగింది.

మా నాన్న నేర్పిన లెక్క ఒకటుంది. లేచిపోయే గిరాకీని మూడో దుకాణం దాటేదాకా పిలవకూడదు. కొనాలని ఉన్నవాళ్లు రెండో దుకాణం దగ్గర ఒకసారి వెనక్కి చూస్తారు. చూశారంటే ధర దిగక్కర్లేదు. మా అమ్మాయి మొబైల్ షాపు దాటింది. వెనక్కి చూడలేదు. టిఫిన్ సెంటర్ దాటింది, చూడలేదు. నా గల్లా దగ్గర పెరిగిన పిల్ల, ఈ లెక్క దానికీ తెలుసు. తెలిసీ చూడలేదంటే బేరం కోసం లేవలేదు, నిజంగానే పోతోంది. మెడికల్ షాపు కూడా దాటి ఆటోల దగ్గర నిలబడింది. అప్పుడు నాకు భయం వేసింది. గుర్రం పోతుందని కాదు. ఇది రేపు కూడా షాపుకు వస్తుంది, మర్యాదగా మాట్లాడుతుంది, బూట్లు సర్దుతుంది, ఇక నన్ను ఏమీ అడగదు.

గల్లాకు తాళం వేయకుండా రోడ్డు మీదికి పోయాను. నా జీవితంలో అది ఇంకెప్పుడూ జరగలేదు.

"ఆగు. రా."

"ఏం రేటుకు?"

"నీ రేటుకె."

ఆటో ఆయన కూడా నా మొహం చూశాడు. ఆ సెంటర్‌లో నా పరువు ఎంత పోయిందో తర్వాత వారం రోజులు వచ్చిన గిరాకీలను బట్టి తెలిసింది. ప్రతివాడూ రెండడుగులు వేసి నిలబడేవాడు, పిలుస్తానేమోనని.

గుర్రాల సంఘం ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన ఓపికమంతుడే. పేరు మార్పు ఫీజు చెప్పాడు, డాక్టరు మళ్లీ వచ్చి గుర్రం అదేనని రాసివ్వాలన్నాడు. నేను ప్రయత్నం చేయకుండా ఉండలేను.

"సార్, ఇరవై ఐదు అక్షరాలు తీసేసి పన్నెండే పెట్టుకుంటున్న. మిగిలిన పదమూడు మీకే వాపస్ ఇస్తున్న. ఏమన్న తగ్గుతదా?"



"మేడం, పేరు మీ ఇష్టం. ఫీజు మా ఇష్టం."

ఇంత సూటిగా నన్ను ఓడించిన మనిషి మా బజారులో లేడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. పేరు మారినా ఈ సీజన్ అంతా పోటీల జాబితాలో కొత్త పేరు పక్కన పాత పేరు కూడా ఉంటుందట. తెలిసిన గుర్రాన్ని కొత్తదని చెప్పి ఎవరూ మోసం చేయకుండా ఈ ఏర్పాటు. నాకు వెంటనే అర్థమైంది. మా బజారులో కూడా షాపు చేతులు మారితే కొత్త బోర్డు కింద పాత పేరు చిన్నగా రాస్తారు. అక్కడ గిరాకీ పోకుండా రాస్తారు, ఇక్కడ తప్పించుకు పోకుండా.

ఈసారి అమ్మాయికి ఆ సాయంత్రమే చెప్పాను. పేరు పూర్తిగా పోదని, ఒక సీజన్ వెంట వస్తుందని. ఫీజు ఇంకా కట్టలేదు, వద్దనుకుంటే ఇప్పుడే చెప్పు అన్నాను.

అది ఆలోచించింది. "ముందు ఏది రాస్తరు?"

"నీదే."

"అయితె కట్టు."

ఫారం ఈసారి తనే పెన్నుతో రాసింది. నా ముందు పెట్టి, నేను సంతకం చేసేదాకా పక్కనే నిలబడింది. నమ్మకం లేక కాదంది. తనే తీసుకుపోయి కొరియర్‌లో ఇచ్చింది. పేరు మారిన పుస్తకం వచ్చిన రోజు లాయంలో పనిచేసేవాళ్లు మిఠాయి అడిగారు. మనిషికైనా గుర్రానికైనా పేరు పెడితే నోరు తీపి చేయాల్సిందేనని ఉస్తాద్ తీర్పు చెప్పాడు. అమ్మాయి గుర్రం చెవి దగ్గర కొత్త పేరు చెబితే అది చెవి వెనక్కి పెట్టి కరవబోయింది. పొద్దున పూట మరి.

అమ్మాయి ఆ సాయంత్రమే దాన్ని ఎక్కింది. నెల తర్వాత రెండో పోటీ. నేను పొద్దున్నే మైకు టేబుల్ దగ్గరికి పోయి, జాబితాలో కొత్త పేరు పక్కన బ్రాకెట్‌లో ఉన్న పాత పేరు చదవకుండా ఉండటానికి ఏమైనా దారి ఉందా అని అడిగాను. మంచి బూట్లు ఒక జత సంచిలో పెట్టుకునే పోయాను.

"చదవం మేడం" అన్నాడాయన. "అంత పొడుగు చదివితే టైం పోతది."

బూట్లు సంచిలోనే ఉండిపోయాయి. ఇంత సులభంగా దొరికేదానికి నేను తయారుగా లేను.

వాళ్ల వంతు మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. మైకులో అమ్మాయి పేరు, తర్వాత సెకండ్ షిఫ్ట్, అంతే. కంచె దగ్గర ఎవరూ నవ్వలేదు, ఎవరూ చప్పట్లూ కొట్టలేదు. మిగతా పేర్లలాగే ఆ పేరూ గాలిలో కలిసింది. గుర్రం బాగా దూకింది. చివరి కర్రకు వెనక కాలు తగిలి కింద పడింది. ఏ స్థానమూ రాలేదు. అమ్మాయి బయటికి వస్తూ దాని మెడ మీద తడుతూనే ఉంది, ఆ తడుతున్న చెయ్యి నాకు రెండు నెలల తర్వాత మళ్లీ కనిపించింది.

ఇంటికి కారులో వచ్చేటప్పుడు ముత్తంగి జంక్షన్‌లో లారీల వెనక ఆగిపోయాం. అమ్మాయి అడిగింది.

"అమ్మా, పేరుకు మొత్తం ఎంతయ్యింది? నిజం చెప్పు. మార్జిన్ కలపకు."

మా ఇంట్లో నేను చెప్పే ఏ ధరా అసలు ధర కాదు. మా ఆయనకు తక్కువ చేసి చెబుతాను, చుట్టాలకు ఎక్కువ చేసి చెబుతాను. ఇంజన్ ఆపి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొదటి రిజిస్ట్రేషన్ రెండు వేలు. అది ఏ పేరు పెట్టినా కట్టాల్సిందే కాబట్టి లెక్కలోకి రాదు. పేరు మార్పు ఐదు వేలు. డాక్టరు రెండోసారి వచ్చినందుకు పదిహేను వందలు. కొరియర్ రానూపోనూ రెండు వందల నలభై. గుర్రం బొమ్మ కార్డులు తొమ్మిది వందలు. మిఠాయి ఏడు వందలు.

"ఆదాయం?" అంది.

"మొదటి పోటీల కార్డు తీసుకున్న ఒకాయన వచ్చి ఒక జత బూట్లు కొన్నడు. నూట యాభై మిగిలింది."

"నాకెందుకు చెప్పలె?"

"నువ్వు మాట్లాడుతలేవు గద."

అది కిటికీలోంచి లారీలను చూస్తూ మనసులోనే కూడింది. నా బిడ్డే, వేళ్లు కదపదు. సగం తను భరిస్తానంది, పండుగలకు వచ్చిన డబ్బులు దాచుకున్నానంది. నేను తీసుకోలేదు. పేరును తుడిచిన చెయ్యి ఒక్కటే, బిల్లు రెండుగా చింపడం కుదరదన్నాను.

అన్నీ పోను, ఆ నూట యాభై కొట్టేయగా, నాకు పడింది ఎనిమిది వేల నూట తొంభై.